ఇప్స్‌విచ్, 1200: రాజు చార్టర్ ఇచ్చాడు సరే, ఆ తర్వాత ఊరివాళ్లు ఏం చేశారు?

నెల్లూరి_రేవు:
మధ్యయుగ ఇంగ్లండ్ పట్టణాల మీద ఏ పుస్తకం తెరిచినా ఒక వాక్యం తగులుతుంది: "రాజు చార్టర్ ఇచ్చాడు, వర్తకుల గిల్డ్ ఏర్పడింది." ఈ రెండు ముక్కల మధ్య ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. చార్టర్ అనే ఆ హక్కుల తోలు కాగితం ఊరికి చేరిన రోజు నుంచి పాలన నడిచే రోజు దాకా ఎవరు ఎవర్ని ఎన్నుకున్నారు? డబ్బు ఎవరు కట్టారు? గిల్డూ (వర్తకుల సంఘం), ఊరి పాలకవర్గమూ ఒకటేనా? ఏదో ఒక్క ఊరిని పట్టుకుని తేదీలతో సహా చెప్పగలరా?

రోల్స్_చదువరి:
ఆ పనికి సఫోక్ కౌంటీ (జిల్లా)లోని ఇప్స్‌విచ్‌ను మించిన ఊరు లేదు. మొదటి కొన్ని నెలల్లో ఏయే రోజు ఏం తీర్మానించారో ఊరివాళ్లే రాసి పెట్టుకున్నారు. మనకు దొరికింది తర్వాతి కాలపు నకలే అయినా వివరం చాలా ఉంది.

1200 మే 25. జాన్ రాజు చార్టర్. అందులో ముఖ్యమైనవి ఇవి. ఊరు మొత్తం బర్గెస్‌లకే, అంటే పట్టణ హక్కుదార్లకే, శాశ్వత గుత్తకు ఇచ్చాడు. పాత గుత్త సొమ్ము మీద ఏటా 100 షిల్లింగులు అదనం. రాజ్యమంతటా, రేవులన్నిటా వాళ్లకు దారి సుంకం, వంతెన సుంకం, అంగడి స్థలం రుసుము, సరుకు బరువు మీద వేసే సుంకం మాఫీ. కొన్ని మినహాయింపులు తప్ప వాళ్ల మీద దావాలు ఊరి బయట నడవకూడదు. వర్తక గిల్డ్, దాని ప్రవేశ రుసుమైన హాన్స్ ఉండొచ్చు. ఊరంతా కలిసి ఇద్దరిని ఎన్నుకుని వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్రధాన న్యాయాధికారి ముందు నిలబెట్టాలి, పాలన వాళ్లది. ఇంకో నలుగురిని ఎన్నుకోవాలి. రాజు తరఫు నేరవ్యాజ్యాలు చూసుకోవడం, ఆ ఇద్దరూ బీదలకూ గొప్పలకూ సమంగా న్యాయం చేస్తున్నారో లేదో కనిపెట్టడం ఈ నలుగురి పని.

జూన్ 29, గురువారం. సెయింట్ మేరీ ఎట్ ద టవర్ చర్చి ఆవరణలో ఊరంతా చేరింది. బెయిలిఫ్‌లుగా, అంటే పాలన చూసే ఆ ఇద్దరుగా, జాన్ ఫిట్జ్ నార్మన్, విలియం డి బెలైన్స్. కరోనర్లుగా, అంటే చార్టర్ చెప్పిన ఆ నలుగురుగా, వీళ్లిద్దరితోపాటు ఫిలిప్ డి పోర్టా, రోజర్ లూ. మిగతా స్వేచ్ఛా పట్టణాల్లో ఉన్నట్టు తమకూ పన్నెండుమంది ముఖ్య పోర్ట్‌మన్‌లు, అంటే ఊరి పాలక పెద్దలు, ఉండాలని అదే రోజు అనుకున్నారు.

జూలై 2, ఆదివారం. ప్రతి పారిష్ (ఒక్కో చర్చి కింది పేట) నుంచి నలుగురు పెద్దమనుషుల్ని పిలిచి ప్రమాణం చేయించారు. వాళ్లు ఆ పన్నెండుమందిని ఎంపిక చేశారు. పన్నెండుమందీ ప్రమాణం చేశాక ఊరివాళ్లందరూ మతగ్రంథం వైపు చేతులు చాచి, వీళ్లకు లోబడి ఉంటామని ఒట్టు పెట్టారు.

జూలై 13. అసలు పాలన పనులు ఈ రోజువి. సుంకాలు ఎవరు వసూలు చేయాలి, గుత్త ఎవరు కట్టాలి, అరెస్టులకూ జప్తులకూ ఇద్దరు బంట్రోతులు (వాళ్లలో ఒకడికి జైలు బాధ్యత కూడా), ఊరి ఉమ్మడి ముద్ర చేయించడం, చార్టర్‌ను సఫోక్, నార్ఫోక్ కౌంటీ కోర్టుల్లో బహిరంగంగా చదివించడం.

సెప్టెంబర్ 10న రాబోయే ఏడాదికి ఎన్నిక. అక్టోబర్ 12న తయారైన ముద్రను ఊరికి చూపించారు. గిల్డ్‌కు ఆల్డర్‌మన్‌ను, అంటే పెద్దను, ఎన్నుకున్నదీ ఆ రోజే.

అంటే గిల్డ్ వంతు అన్నిటికన్నా చివర వచ్చింది.

పాతపత్రాలు:
చదువరిగారి జాబితాలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది చార్టర్‌లో *లేని* సంగతి. పన్నెండుమంది పోర్ట్‌మన్‌ల ఊసు అందులో ఎక్కడా లేదు. ముద్ర లేదు, బంట్రోతులు లేరు. రాజు ఇచ్చింది ఆరు పదవులు, మిగతాదంతా ఊరివాళ్లు పక్క పట్టణాల్ని చూసి కట్టుకున్నదే. "రాజు పట్టణ స్వపరిపాలన ప్రసాదించాడు" అనే వాక్యం అందుకే నాకు రుచించదు.

రెండో సంగతి. ఇద్దరు బెయిలిఫ్‌లు, నలుగురు కరోనర్లు, పన్నెండుమంది పోర్ట్‌మన్‌లు: మొత్తం పద్దెనిమిది కుర్చీలు. మనుషులు మాత్రం పన్నెండుమందే. బెయిలిఫ్‌లిద్దరూ కరోనర్లే, నలుగురు కరోనర్లూ పోర్ట్‌మన్‌లే. బెయిలిఫ్‌ల మీద నిఘా పెట్టమని రాజు నలుగురిని అడిగితే, అందులో ఇద్దరు ఆ బెయిలిఫ్‌లే!

గోదారిగట్టు:
😀 మన సహకార సంఘాల్లో ఇలాంటివి చూసినవాళ్లకు ఇందులో వింతేం ఉండదు లెండి.

నెల్లూరి_రేవు:
చదువరిగారూ, ధన్యవాదాలు. కౌంటీ కోర్టుల్లో చదివించడం ఎందుకు? రాజముద్ర ఉన్న పత్రానికి మళ్లీ చాటింపు దేనికి?

రోల్స్_చదువరి:
అప్పటిదాకా ఊరి మీద రాబడి తిన్నది షెరీఫ్, అంటే కౌంటీలో రాజు అధికారి. ఆయన వసూలు చేసేవాడు, ఖజానాకు కట్టాల్సింది కట్టేవాడు, మిగిలింది ఆయనది. చార్టర్‌తో నష్టపోయేది ముందుగా ఆయనే. కాబట్టి ఆయన కోర్టులోనే, ఆ కౌంటీ పెద్దలంతా వింటుండగా చదివించాలి. "నాకు తెలియదు" అనే దారి మూసేయాలి. నార్ఫోక్, సఫోక్ రెండిటికీ ఆ కాలంలో షెరీఫ్ ఒక్కడే, రెండు చోట్లా చదివించడానికి అదీ ఒక కారణం అయి ఉండొచ్చు. ఇంకొకటి: సుంకం మాఫీ పనికొచ్చేది ఊరి బయట. చుట్టుపక్కల సంతల్లో సుంకం వసూలు చేసే ప్రభువుల మనుషులు ఆ కోర్టుకు వస్తారు.

లెక్కల_మాస్టారు:
డబ్బు సంగతి నేను చెబుతాను.

ముందు నాణేలు. పౌండు అంటే 20 షిల్లింగులు, షిల్లింగు అంటే 12 పెన్నీలు. మార్కు అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు, అంటే 160 పెన్నీలు. వీటిలో నిజంగా చేతిలో పట్టుకునే నాణెం వెండి పెన్నీ ఒక్కటే, మిగతావన్నీ లెక్కకే. 100 షిల్లింగుల అదనపు గుత్త అంటే ఏటా 1,200 వెండి పెన్నీలు సంచిలో వేసి మోసుకెళ్లాలి.

చార్టర్ రాయించడానికి రుసుము వేరు. అంతకుముందు రాజు రిచర్డ్ కాలంలో ఇవి విపరీతంగా పెరిగాయని, జాన్ గద్దెనెక్కగానే 1199 జూన్‌లో పాత రేట్లకు దించాడు. కొత్తగా భూమి గానీ హక్కులు గానీ ఇచ్చే చార్టర్‌కు చాన్సలర్‌కు (రాజు పత్రాలు రాసే కార్యాలయం చాన్సరీకి పెద్ద) ఒక బంగారు మార్కు, లేదా 10 వెండి మార్కులు. వైస్ చాన్సలర్‌కు 1 మార్కు. ప్రోటోనోటరీకి (ముఖ్య గుమాస్తాకు) 1 మార్కు. ముద్ర వేసే మైనానికి 5 షిల్లింగులు. వెండిలో కూడితే 12 మార్కుల 5 షిల్లింగులు, అంటే 8 పౌండ్ల 5 షిల్లింగులు. కొత్తగా ఏమీ చేర్చకుండా పాతదాన్ని ధ్రువీకరిస్తే చాన్సలర్‌కు 1 మార్కు, మిగతా ఇద్దరికీ చెరొక బెజాంట్ (విదేశీ బంగారు నాణెం), మైనానికి 12 పెన్నీలు.

ఇది గుమాస్తాల రుసుము మాత్రమే. హక్కుల కోసం రాజుకు సమర్పించుకునే మొత్తం వేరే ఉంటుంది, దాన్ని బేరమాడుకోవాలి.

పాతపత్రాలు:
మాస్టారూ, ఖజానాలో కట్టే పద్ధతి కూడా చెప్పండి. ఊరి బెయిలిఫ్‌లు దెబ్బతినేది అక్కడే కదా.

లెక్కల_మాస్టారు:
ఏడాదికి రెండు విడతలు. ఈస్టర్‌కు కొంత, మైకేల్‌మస్‌కు, అంటే సెప్టెంబర్ 29కి, మిగతాది, లెక్క ముగింపు కూడా అప్పుడే. ఎక్స్‌చెకర్‌లో, అంటే రాజు ఖజానా లెక్కలు చూసే చోట, గళ్ల గుడ్డ పరిచిన బల్ల మీద బిళ్లలు పేర్చి లెక్క చూస్తారు. కట్టిన సొమ్ముకు రసీదు కర్రముక్క. దాని మీద గాట్లు పెడతారు: వెయ్యి పౌండ్లకు అరచేయి మందం, వందకు బొటనవేలి మందం, ఇరవైకి చిటికెనవేలి మందం, ఒక పౌండుకు బార్లీ గింజంత, షిల్లింగుకు అంతకన్నా సన్నం, పెన్నీకి చెక్క తీయకుండా ఒక్క గీత. తర్వాత కర్రను నిలువునా చీల్చి పెద్ద ముక్క కట్టినవాడికి, చిన్నది ఖజానాకు. రెండూ కలిపినప్పుడు గాట్లు సరిపోవాలి. పెద్ద ముక్క పోగొట్టుకుంటే ఈస్టర్‌కు కట్టినట్టు చూపించుకోవడం కష్టం.

గుత్త ఎక్కడ బెడిసికొడుతుందంటే, కట్టాల్సింది స్థిరం, రాబడి మాత్రం అస్థిరం. బయటివాళ్ల సుంకాలు, దుకాణం స్థలాల అద్దెలు, ఇళ్ల స్థలాల నేలపన్ను, కోర్టు జరిమానాలు, వీటి నుంచే రావాలి. వర్తకం బాగున్న ఏడాది మిగులు ఊరిది. రేవులోకి ఓడలు రాని ఏడాది కూడా ఖజానా ఒక్క పెన్నీ తగ్గించదు. బాకీ పేరుకుపోతే రాజు ఊరిని తన చేతిలోకి తీసుకుంటాడు, ఎన్నికైన బెయిలిఫ్‌లు పోయి రాజు మనిషి వచ్చి కూర్చుంటాడు.

గోదారిగట్టు:
అయితే ఊరివాళ్లందరికీ సుంకం మాఫీ ఇచ్చేస్తే గుత్త డబ్బు ఎలా పుడుతుంది?

రోల్స్_చదువరి:
అందుకే జూలై 13న ఒక షరతు పెట్టారు. ఊరి ఉమ్మడి ఖర్చుల్లో, పన్నుల్లో వంతు భరించేవాడికే ఊళ్లో సుంకం మాఫీ. ఇంగ్లండ్ పట్టణాలన్నిటా దీన్ని "స్కాట్ అండ్ లాట్" అనేవాళ్లు. ఊళ్లో ఇల్లుంటే చాలదు, వంతు కట్టాలి.

ఇక్కడే పెద్ద మోసం ఒకటి నడిచేది. హక్కు ఉన్నవాడు బయటి వర్తకుడి సరుకును తనదని చెప్పి సుంకం లేకుండా దాటించి, లాభంలో వాటా తీసుకునేవాడు. చాలా ఊళ్ల కట్టుబాట్లలో దీని మీద నిషేధం కనిపిస్తుంది. ఊరి రాబడికి నేరుగా గండి కొట్టేది ఇదే కాబట్టి దొరికితే గిల్డ్ సభ్యత్వం పోయేదాకా వెళ్లేది.

నెల్లూరి_రేవు:
ఇప్పుడు గిల్డ్ సంగతి. బెయిలిఫ్‌లు, పోర్ట్‌మన్‌లు ఉండగా మళ్లీ ఆల్డర్‌మన్ ఎందుకు?

పాతపత్రాలు:
ఇప్స్‌విచ్‌లో పని వేరు, మనుషులు దాదాపు వాళ్లే. ఆల్డర్‌మన్ విలియం గాట్‌షాక్. సహాయకులు నలుగురు: పీటర్ ఎవరార్డ్, జాన్ లె మేస్టర్, రోజర్ లూ, జాన్ డి క్లే. వీళ్లలో ఎక్కువమంది పోర్ట్‌మన్‌లే. ఊరి హక్కుదార్లు వీళ్ల ముందుకొచ్చి గిల్డ్‌లో పేరు రాయించుకుని, హాన్స్ అనే ప్రవేశ రుసుము కట్టాలి. గిల్డ్ ఖర్చుల కోసం రాతి రోళ్లు, పరుపు రాళ్లు, పాలరాయి లాంటి సరుకు కొనుగోలు, అమ్మకం ఆల్డర్‌మన్ బృందం చేతిలో పెట్టారు. ఊరి కట్టుబాట్లు రాసిన తోలు కాగితపు చుట్ట బెయిలిఫ్‌ల దగ్గర, గిల్డ్ కట్టుబాట్ల చుట్ట ఆల్డర్‌మన్ దగ్గర.

తేడా ఎక్కడ కనిపిస్తుందంటే, గిల్డ్‌లో ఊరి బయటివాళ్లు కూడా చేరవచ్చు. చుట్టుపక్కల ప్రభువులు, మఠాలవాళ్లు తమ ధాన్యం, ఉన్ని సుంకం బాధ లేకుండా అమ్ముకోవడానికి రుసుము కట్టి చేరేవాళ్లు. వాళ్లకు ఊరి కోర్టుతో, ఎన్నికతో పని లేదు.

కాకపోతే దీన్ని అన్ని ఊళ్లకూ అంటగట్టకూడదు. లెస్టర్ చూడండి. అది ఎర్ల్ అనే పెద్ద ప్రభువు చేతికింది ఊరు, గిల్డ్ హక్కు కూడా ఎర్ల్ నుంచి వచ్చిందే. కోర్టు ఎర్ల్‌ది. ఊరివాళ్లకు తమదంటూ ఉన్న సంఘం గిల్డ్ ఒక్కటే, కాబట్టి క్రమంగా ఊరి పాలన దాని చుట్టూనే అల్లుకుంది. లండన్ అయితే ఇంకో చివర: అంత పెద్ద వర్తక నగరంలో ఊరంతటికీ కలిపి వర్తక గిల్డ్ అనేదే లేదు.

శాసనప్రియ:
లెస్టర్ గిల్డ్ చుట్టలు 1196 నుంచి ఉన్నాయి, సభ్యత్వం ఎలా నడిచేదో వాటిలో బాగా తెలుస్తుంది. కొత్తవాడు జామీనుదార్లను తెచ్చుకోవాలి. ప్రవేశ రుసుము, హాన్స్, "ఎద్దు" పేరుతో ఇంకో రుసుము. వీటిలో ఏది కట్టాడో, ఏది మాఫీ అయిందో పేరు పక్కన రాస్తారు. తండ్రి సభ్యుడైతే "తండ్రి కుర్చీ" కొడుక్కి వస్తుంది.

సౌతాంప్టన్ కట్టుబాట్లు ఇంకా రుచిగా ఉంటాయి. సభ్యుడు కానివాడు తేనె, కొవ్వు, ఉప్పు హెర్రింగ్ చేపలు, నూనె, తిరగలి రాళ్లు, పచ్చి తోళ్లు కొనకూడదు. సంత, తిరునాళ్ల రోజుల్లో తప్ప బట్ట చిల్లరగా అమ్మకూడదు. చిల్లర అమ్మకానికి గాదెలో అయిదు క్వార్టర్లకు మించి ధాన్యం పెట్టుకోకూడదు. సభ్యుడు జబ్బు పడితే గిల్డ్ నుంచి వైన్, రొట్టె, వంటింటి నుంచి ఒక వంటకం పంపాలి. సాటి సభ్యుణ్ని పిడికిలితో కొట్టినట్టు రుజువైతే సభ్యత్వం పోతుంది, మళ్లీ కావాలంటే పది షిల్లింగులు కట్టి మళ్లీ ప్రమాణం చేయాలి.

గోదారిగట్టు:
అయిదు క్వార్టర్లంటే ఎంత?

శాసనప్రియ:
క్వార్టర్‌కు 8 బుషెల్‌లు. మొత్తం 40 బుషెల్‌లు. పెద్ద వ్యాపారికి లెక్కలోది కాదు. సభ్యుడు కానివాణ్ని అదే స్థాయిలో ఆపేయడం దాని ఉద్దేశం.

నెల్లూరి_రేవు:
ఒక ఊరికి "రాజ్యమంతటా సుంకం లేదు" అని చార్టర్, ఇంకో ఊరికి "మా సంతలో అందరి దగ్గరా సుంకం వసూలు చేసుకోవచ్చు" అని చార్టర్. రెండూ రాజువే. అప్పుడు?

రోల్స్_చదువరి:
సాధారణ సూత్రం, ఏది ముందుదైతే అది నెగ్గుతుంది. అందుకే ప్రతివాళ్లూ తమ హక్కును వీలైనంత వెనక్కి లాగేవాళ్లు. 1190ల్లో బెరీ సెయింట్ ఎడ్మండ్స్ తిరునాళ్లలో లండన్ వర్తకుల దగ్గర 15 పెన్నీలు సుంకం పట్టుకున్నారు. రోమ్ నగరం పుట్టినప్పటి నుంచీ తమకు ఈ మాఫీ ఉందని లండన్‌వాళ్లు వాదించారు! మఠం ఒప్పుకోలేదు. రెండేళ్లపాటు లండన్ వర్తకులు ఆ తిరునాళ్లకు రావడం మానేశారు. పదిహేను పెన్నీల కోసం మఠం పోగొట్టుకున్నది ఎంతో ఊహించుకోండి.

మామూలుగా నడిచే దారి ఇది. సుంకం పట్టుకున్న చోట తన ఊరి ముద్ర ఉన్న ఉత్తరం చూపించాలి. ఫలానావాడు మా హక్కుదారే అని అందులో ఉంటుంది. ముద్ర అంత తొందరగా చేయించుకున్నది ఇలాంటి ఉత్తరాలకు కూడా. ఒప్పుకోకపోతే ఊరి బెయిలిఫ్‌లు ఆ ఊరికి రాస్తారు. అదీ పనిచేయకపోతే, ఆ ఊరి వర్తకుడు ఎవరు ఇక్కడికొచ్చినా వాడి సరుకు పట్టుకుంటారు. లేదా రాజు చాన్సరీ నుంచి రిట్ (ఆజ్ఞాపత్రం) తెచ్చుకోవాలి, దానికి మళ్లీ ఖర్చు. ఒకరి అప్పుకు ఆ ఊరి ఇంకొకరి సరుకు పట్టుకోవడాన్ని 1275 వెస్ట్‌మిన్‌స్టర్ చట్టం రాజ్యంలోని వాళ్ల వరకు నిషేధించింది. దాన్నిబట్టి అది ఎంత విచ్చలవిడిగా సాగేదో తెలుస్తుంది.

శాసనప్రియ:
ముద్ర మాట వచ్చింది కాబట్టి: ఇప్స్‌విచ్ ముద్రకు ఒక వైపు ఓడ, ఇంకో వైపు చర్చి. ఆ ఓడకు వెనక కొయ్యకు బిగించిన చుక్కాని ఉంది. ముద్ర 1200 నాటిదేనని ఒప్పుకుంటే, అలాంటి చుక్కాని కనిపించే అతి పాత ఇంగ్లండ్ బొమ్మల్లో అదొకటి.

కాకతీయ_పాఠకుడు:
గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం (1244-45) కూడా ఇలాంటి చార్టరే అనుకోవచ్చా?

పాతపత్రాలు:
పోలిక ఇప్స్‌విచ్‌తో కుదరదండి. మోటుపల్లిలో రాజు మాట ఇస్తున్నది బయటి నుంచి వచ్చే సముద్ర వర్తకులకు: గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కోము, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటాం అని. ఇప్స్‌విచ్‌లో హక్కులు ఊరివాళ్లవి, బయటివాడు సుంకం కట్టాల్సినవాడు. మోటుపల్లికి దగ్గరగా వచ్చే ఇంగ్లండ్ పత్రం 1303 నాటి వర్తకుల చార్టర్. ఎడ్వర్డ్ I అందులో విదేశీ వర్తకులకు రక్షణ, టోకు వర్తకానికి స్వేచ్ఛ ఇచ్చి, బదులుగా ఉన్ని మూటకు 3 షిల్లింగుల 4 పెన్నీలు, వైన్ పీపాకు 2 షిల్లింగులు చొప్పున అదనపు సుంకం తీసుకున్నాడు.

అది ఊళ్ల గిల్డ్‌లకు నచ్చలేదు. ఆ తర్వాత 1335లో యార్క్ చట్టం ఇంకా ముందుకెళ్లి, ఊళ్ల చార్టర్‌లలో ఏముందన్నది చూడకుండా స్వదేశీ, విదేశీ వర్తకులంతా ఎక్కడైనా కొని అమ్ముకోవచ్చంది. అమలు వేరే కథ.

నెల్లూరి_రేవు:
చివరిగా ఒకటి. బానిస రైతు పారిపోయి ఊళ్లో ఏడాది ఒక రోజు ఉంటే స్వతంత్రుడవుతాడని అంటారు. ఇప్స్‌విచ్‌లోనూ అంతేనా?

రోల్స్_చదువరి:
జాన్ ఇచ్చిన ఇప్స్‌విచ్ చార్టర్‌లో ఆ క్లాజు లేదు. హెన్రీ II లింకన్, నాటింగ్‌హామ్‌లకు ఇచ్చినవాటిలో ఉంది. అక్కడా "పారిపోయి వచ్చి దాక్కుంటే చాలు" అన్నట్టు ఉండదు. లింకన్‌లో అయితే ఆ ఏడాదీ ఎవరూ తనదని అడగకూడదు, ఇతను ఊరి పన్నులు కడుతూ ఉండాలి, అడిగే ప్రభువు ఆ కాలంలో ఇంగ్లండ్‌లోనే ఉండి కూడా అడగలేదని చూపించాలి. ప్రభువు సముద్రం అవతల ఉంటే గడువు పనిచేయదు.

లెక్కల_మాస్టారు:
రేవుగారూ, మీ మొదటి ప్రశ్నలో ఒక ముక్క ఎవరూ ముట్టుకోలేదు: చార్టర్ తెచ్చుకున్నాక నిలబెట్టుకోవడం. అది ఒక్కసారి ఖర్చుతో పోయేది కాదు. రాజు మారితే ధ్రువీకరణ కావాలి. హెన్రీ III 1227లో పెద్దవాడయ్యానని ప్రకటించి పాత చార్టర్‌లన్నీ మళ్లీ తెచ్చి డబ్బు కట్టి ధ్రువీకరించుకోమన్నాడు. ఎడ్వర్డ్ I 1278 నుంచి ఏ అధికారంతో ఈ హక్కు వాడుతున్నావో చూపించమని విచారణలు పెట్టాడు. చాలాకాలం వాడని హక్కు పోయిందనే వాదన కూడా ఉండేది. అందుకే తర్వాతి చార్టర్‌లలో "ఇంతవరకు వాడకపోయినా ఇకపై వాడుకోవచ్చు" అని ప్రత్యేకంగా రాయించుకునేవాళ్లు. ఆ ఒక్క వాక్యం కోసం మళ్లీ డబ్బు.

పాతపత్రాలు:
పత్రాల భద్రత కూడా కలపండి. ఇప్స్‌విచ్‌లో 1272లో ఊరి గుమాస్తా జాన్ లె బ్లేక్ కట్టుబాట్ల చుట్టలతో పారిపోయాడు. రాజు చార్టర్‌కైతే చాన్సరీ చుట్టల్లో నకలుంటుంది, 1199 నుంచి అవి రాస్తూ వచ్చారు. ఊరి సొంత కట్టుబాట్లకు అలాంటి రెండో ప్రతి ఎక్కడా లేదు. 1291లో ఇరవై నలుగురిని కూర్చోబెట్టి, గుర్తున్నంతవరకు మొత్తం మళ్లీ రాయించాల్సి వచ్చింది.